కుడియెడమల కొలత

గడచిన పుష్యమాసమున కృష్ణా డెల్టాలో మా పినతండ్రి వరుసయైన యొక రైతు కళ్లములో ఒక సాయంకాలము గడపుట తటస్థించినది. యంత్రముతో కోయించిన ధాన్యమును పట్టాలపై పలుచగా నెరపి మూడు దినములైనది. మంచు దిగకమునుపే దానిని కుప్పచేసి కప్పవలెనని ఇంటిల్లిపాదియు తొందరపడుచుండగా, ఆయన మాత్రము నిదానముగా దోసెడు గింజలు తీసి, ఒకదానిని పంటికింద వేసి కొరికి, ఆ చప్పుడు వినుటకే ఆగినట్లు క్షణకాలమాగి, "పదిహేడుకు దిగిందిరా" అనెను. మద్దతు ధరకు కొను ధాన్యములో తేమ 17 శాతమును మించరాదని నియమము. ఆ ఉదయము కొలిచినప్పుడు 20కి పైగా చూపుటచే బస్తాల బండి వెనుకకు మరలినది.

కుప్పపై పట్టా కప్పిన పిమ్మట మాటలు సాగినవి. "ప్రతి గింజా ప్రభుత్వమే కొనాలి. మిల్లువాడి దయమీద మేమెందుకు బతకాలి?" అనినవాడు, ప్రసంగము భూపరిమితి మీదికి మరలగానే, "మిల్లుకు లేని పరిమితి, మేడలకు లేని పరిమితి మడిచెక్కకే ఎందుకు పెట్టారు?" అని 1973 నాటి శాసనమును నేటికిని క్షమింపజాలనివాడై ముఖము ముడుచుకొనెను. ఆడపిల్లలకు వాటాయన్నచో ఆయనకు గిట్టదు. కాని పెద్దకుమారుని కొడుకు కులాంతర వివాహము చేసికొన్న సంగతి నేను కొంచెము సందేహించుచు కదపగా, "మొదట్లో కష్టమనిపించింది. ఇప్పుడా పిల్లే నా బీపీ మాత్రలు గుర్తుచేస్తుంది. కులం తెచ్చి ఏం చేసుకుంటాం?" అని తేలికగా తేల్చివేసెను.

ఈయన వామపక్షమువాడా, దక్షిణపక్షమువాడా? ప్రతి ఎన్నికల నాడును పత్రికలలోను ప్రసారములలోను విశ్లేషకులు ఈ రెండు పదములతోనే దేశమును కొలుచుచుందురు గాని, ఆ కొలబద్దను తెచ్చి ఈ కళ్లములో నిలిపినచో, ఒక్క సాయంకాలపు సంభాషణములో ఈయన నాలుగు తావుల నిలిచియున్నాడు. లోపము రైతులో నున్నదనుకొనుట పండితులకు సులభము. అది కొలబద్దలో నున్నదని నా నిశ్చయము.

ఆ పదములు పుట్టిన తీరు అందరెరిగినదే. 1789 వేసవి చివర వెర్సాయిలో ఫ్రెంచి జాతీయ సభ కూడి, ప్రజాప్రతినిధులు చేసిన శాసనమును త్రోసిపుచ్చు అధికారము రాజునకుండవలెనా, ఉండరాదా యని చర్చించినప్పుడు, ఉండవలెనన్నవారు అధ్యక్షునికి కుడివైపునను, కూడదన్నవారు ఎడమవైపునను కూర్చుండిరి. నాటి ప్రశ్న ఒక్కటే కావున వరుస యొక్కటే చాలినది. తరువాతి కాలమున పెట్టుబడి, కూలి, మతము, స్త్రీల హక్కు, వలసరాజ్యములు అను ప్రశ్నలు ఒకదానివెంట నొకటి పుట్టుకొని వచ్చినను బల్లలు మాత్రము ఆ రెండే మిగిలినవి.

ఈ చాలమిని గుర్తించి పాశ్చాత్యులే రెండవ గీతను గీసిరి. లండనులో మనస్తత్వశాస్త్రము బోధించిన హాన్స్ ఐసెంక్ 1954లోను, అమెరికాలో డేవిడ్ నోలన్ 1971లోను ఇట్టి పటములు రచించిరి. నోలన్ పటములో ఒక గీత ఆర్థిక స్వాతంత్ర్యమును, రెండవది వ్యక్తి స్వాతంత్ర్యమును కొలుచును. రెంటికిని కొలమానము మాత్రమొక్కటే: ప్రభుత్వము ఎంత తక్కువ జోక్యము చేసికొన్న అంత స్వేచ్ఛ. ఒక్క గీతకంటె రెండు గీతలు మేలని నేనును ఒప్పుకొందును. అయితే మనిషిపై బరువుగా నున్న చేయి సర్కారుదే యని ఆ పటము ముందుగానే నిర్ణయించుకొన్నది. మన పల్లెలో మనిషి మీద సర్కారు చేయి పడకముందే కులము చేయి, కుటుంబము చేయి, ఊరి పెత్తనపు చేయి పడియుండును. కొన్ని వేళల ఆ చేతులను తొలగించుటకే సర్కారు రావలసి వచ్చినది. అందుచేత మన రాజకీయములను చదువుటకు ప్రభుత్వమెంత యని అడుగుట చాలదు. ఎవరి చేయి ఎవరి మీద నున్నదని అడుగవలెను. దీనికి సాక్ష్యము వెదకుటకు దూరము పోనక్కరలేదు. తెలుగువారి నూరేండ్ల చరిత్రయే చాలును.

1916లో మద్రాసులో పిట్టి త్యాగరాయ చెట్టి, టి.ఎం. నాయరు, నటేశ ముదలియారు ప్రభృతులు స్థాపించిన దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య, తన ఆంగ్ల పత్రిక పేరుతో జస్టిస్ పార్టీగా ప్రసిద్ధికెక్కినది. ఆంధ్రప్రకాశిక దాని తెలుగు పత్రిక. కాళహస్తికి చెందిన పానగల్లు రాజా రామరాయణింగారు 1921 మొదలు 1926 వరకు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా నుండిరి. నేటికిని మద్రాసు త్యాగరాయనగరములో ఉద్యానవనమొకటి ఆయన పేర నిలిచియున్నది. ఆ పార్టీ పరిపాలనలోనే ప్రభుత్వోద్యోగములలో బ్రాహ్మణేతరులకు, మహమ్మదీయులకు, క్రైస్తవులకు, నిమ్నజాతులుగా నెంచబడిన వారికి భాగము కల్పించు ఉత్తరువులు 1921లో వెలువడినవి. ఆ సంవత్సరమే స్త్రీలకు ఓటుహక్కు నిచ్చుటకు శాసనమండలి సమ్మతించినది. 1925లో హిందూ ధర్మాదాయ శాసనము వచ్చి, దేవస్థానముల రాబడిపై లెక్క అడుగు అధికారము ప్రభుత్వమునకు లభించినది. సామాజిక విషయములలో ఆనాటి భారతదేశమున ఇంతకంటె ముందంజ వేసిన ప్రభుత్వమును చూపుట కష్టము.

ఆ పక్షమును నడిపినవారెవరు? అందు పెక్కురు జమీందారులు, సంపన్నులు. దేవుని మాన్యమునకు లెక్క చెప్పుమని అడుగుటకు వెనుదీయనివారు తమ జమీనుకు లెక్క చెప్పుమన్నచో ఒప్పుకొనలేదు. బొబ్బిలి రాజావారు 1932లో ప్రధానమంత్రి పదవికి వచ్చునాటికి జమీందారీ రైతుల కడగండ్లు కాగుచున్న పాలవలె పొంగుటకు సిద్ధముగా నుండెను: హెచ్చు శిస్తులు, బీడులో పశువు మేసినచో పుల్లరి, చెరువు తెగినను పట్టించుకొనని ఠాణేదారులు. ఉద్యోగములో బ్రాహ్మణేతరునకు చోటిచ్చిన పార్టీ, బ్రాహ్మణేతరుడే యైన తన రైతునకు పొలముపై హక్కునీయలేకపోయినది. 1937 నాటి ఎన్నికలలో బొబ్బిలి రాజావారు తమ జమీను నడిబొడ్డుననే వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. ఒక చేతితో కులపు సంకెల విప్పుచు, రెండవ చేతితో భూమి సంకెల పట్టుకొనియున్న ఆ పక్షమును ప్రగతిశీలమనువారును, ప్రతీపగామి యనువారును నేటికిని గలరు. ఇరువురును సగము చరిత్రమునే చదివినవారు.

జమీందారీ రైతుల పక్షమున నిలిచినవారిలో నిడుబ్రోలు వాస్తవ్యులు ఆచార్య గోగినేని రంగా నాయకులు ముఖ్యులు; 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ ఉద్యమపు వేడిలో రెండువేలకు మించిన ఆంధ్ర రైతులు ఉత్తరమున ఇచ్ఛాపురములో బయలుదేరి, తొమ్మిది జిల్లాల మీదుగా 130 దినములు, పదునైదువందల మైళ్లకు పైగా కాలినడకను సాగి, దారిపొడవున సభలు జరుపుచు, పదకొండువందలకు మించిన అర్జీలు సేకరించి, 1938 మార్చి 27వ తేదీన మద్రాసు శాసనసభకు సమర్పించిరి. ప్రకాశం పంతులుగారి అధ్యక్షతను కూర్చున్న విచారణ సంఘము భూమిపై హక్కు రైతుదేయని తేల్చినది. పదేండ్లకు, 1948లో, జమీందారీల రద్దు శాసనము వచ్చినది. ఆ నడకలో కాళ్లు బొబ్బలెక్కిన రైతులను తలచుకొన్నప్పుడెల్లను, రాజకీయము అను మాటకు మన నాలుకపై పడిన తుప్పు కొంత రాలినట్లుండును.

అటుపిమ్మట 1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును ధ్యేయముగా తీర్మానించినది. అదే సంవత్సరము రాజాజీ, మీనూ మసానీలతో కూడి స్థాపించిన స్వతంత్ర పార్టీకి రంగాగారే అధ్యక్షులైరి. 1962లో లోకసభలో 18 స్థానములు, 1967లో 44 స్థానములు గెలిచి అతిపెద్ద ప్రతిపక్షముగా నిలిచిన ఆ పార్టీని నాటినుండి నేటివరకు దక్షిణపక్షమనియే వ్యవహరించుచున్నారు. కిసాన్ సభను నడిపినవాడు, మాజీ సంస్థానాధీశులును పారిశ్రామికులును చేరిన పార్టీకి అధ్యక్షుడగుట ఎట్లు సంభవించెనని నా విద్యార్థిదశలో నేనును ఆశ్చర్యపడితిని. తరువాత ఆయన ప్రసంగములను వరుసగా చదివినప్పుడు అర్థమైనది. దున్నువాని భూమి దున్నువానిదే యనునది ఆయన మొదటినుండి తుదివరకు పట్టుకొన్న సూత్రము. ఆ భూమిపై జమీందారుని చేయి ఉన్నన్నాళ్లు ఆయనను ఎడమవైపువాడనిరి. సర్కారు చేయి పడునేమోనని ఆయన భయపడిననాడు కుడివైపువాడనిరి. మనిషి నిలిచినచోటనే నిలిచినాడు. గీత వచ్చి ఆయన అవతల పడినది.

అయినను ఆ సూత్రములో ఒక కొరత కలదనుట దాచరానిది. దున్నువాడన్నప్పుడు పట్టాదారు కనబడినంత స్పష్టముగా, ఆ పట్టాదారుని మడిలో నాట్లు వేయు మాలమాదిగ స్త్రీలు ఆ సూత్రమున కనబడరు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్యవసాయ కూలీలను ప్రత్యేకముగా సంఘటితపరచినది ఈ కొరతను గుర్తించియే. తన పేరు చివర కులసూచకమును తీసివేసిన ఆ యువకుడు ఆర్థికమును సామాజికమును ఒక్క పట్టున పట్టదలచెను. భూమికలవాని స్వేచ్ఛయు భూమిలేనివాని స్వేచ్ఛయు ఒక్క పటముపై ఒక్క చుక్కగా పడవు.

రాజాజీ మాట క్లుప్తముగా చెప్పుదును. తన కుమార్తెను గాంధీజీ కుమారునకిచ్చి 1933లోనే కులాంతర వివాహము జరిపినవాడు, 1939లో మద్రాసు రాజధానిలో హరిజనుల ఆలయప్రవేశమునకు శాసనరక్షణ కల్పించినవాడు, 1953లో బాలురు పూటబడికి పోయి మిగిలిన పూట ఇంటివృత్తి నేర్వవలెనను పథకము తెచ్చి, అది కులవృత్తులను శాశ్వతపరచునను ఆగ్రహమునకు గురియై మరుసటి యేడు పదవిని వీడెను. దేవుని ముందర కులము అడ్డురాదని నమ్మినవానికి బడిముందర అది ఎట్లడ్డువచ్చునో ఆ క్షణమున తోచలేదు. సామాజికమను ఆ రెండవ గీత సైతము ఒక్క పోగుతో పేనినది కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

తెలంగాణమునకు పోయినచో, ఆర్థికము, సామాజికము అను విభజనయే నిలువదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన భూమిలో పంట పండినప్పుడు, విసునూరు దేశముఖు మనుషులు దానిని కాజేయ వచ్చిరి. సంఘము కార్యకర్తలతో కలిసి ఆమె ఆ ధాన్యమును తన ఇల్లు చేర్చుకొన్నది. అది కౌలుహక్కు తగవా, లేక దొర గడిలో వెట్టిచేయవలసిన కులమున బుట్టిన స్త్రీ దొరకెదురుగా తలయెత్తుటయా? ఆనాటి దొరకు ఈ రెండును ఒక్కటిగానే వినబడినవి. వెట్టి యనునది కూలిలేని పని. అది కులము పేరు పిలిచి చేయించుకొను పని. గడి ముందర చెప్పులు విడువవలసినవాడు అందుచేతనే శిస్తు ఎంతయని అడుగలేకపోయెను. 1946 మొదలు 1951 వరకు సాగిన ఆ సాయుధ పోరాటమున భూమి పంచినవారే వెట్టిని మాన్పించిరి. ఒకటి చేయక రెండవది చేయుట సాధ్యము కాదు.

ఇక్కడను ఒక బాధాకరమైన సత్యము నిలిచిపోయినది. పోరాటములో తుపాకి పట్టిన, దళములకు అన్నము వండి మోసిన, చెరసాలల పాలైన స్త్రీల అనుభవములను స్త్రీశక్తి సంఘటన వారు సేకరించి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" యను గ్రంథముగా వెలువరించిరి. పోరాటము విరమింపబడిన పిదప తమను ఇండ్లకు మరలిపొమ్మనిరని చెప్పినవారు అందు గలరు. దొరను కూలద్రోయగలిగిన విప్లవము వంటయింటి గడప దాటుటకు వెనుకాడినది. ఆర్థిక సమానత్వమున మిక్కిలి ఎడమకు నిలిచినవారు ఇంటిలోపలి పెత్తనమున ఏ వైపు నిలిచిరో ఆ స్త్రీలు మనకు చెప్పియున్నారు. వినవలసిన బాధ్యత మనది.

నోలన్ పటము మన నేలపై పూర్తిగా తలక్రిందులగు ఘట్టము సారా వ్యతిరేకోద్యమము. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో రాత్రివేళ కూడిన స్త్రీలు, రోశమ్మ మొదలైనవారు, చదివిన పాఠమును తమ బ్రతుకుతో పోల్చుకొని ఊరిలోనికి వచ్చు సారాను అడ్డగించిరి. 1992 నాటికి ఆ నిప్పు జిల్లాలు దాటినది. వేలముపాటలు జరుగనీయక స్త్రీలు కచేరీల యెదుట బైఠాయించిరి. పాశ్చాత్య పటము ప్రకారము, త్రాగుట త్రాగకుండుట వ్యక్తి యిష్టము, దానిని నిషేధింపుమని అడుగుట నిరంకుశత్వము వైపు మొగ్గుట. కాని కూలి డబ్బు దుకాణములో విడిచి ఇంటికి వచ్చి కొట్టు మగని చేతిక్రింద నున్న స్త్రీకి ఆ యిష్టము ఎవరిది? అంతకుముందు దశాబ్దమున ప్రభుత్వము ఒకవైపు కిలో రెండు రూపాయల బియ్యమిచ్చుచు, వేరొకవైపు వారుణివాహిని పేరుతో పాకెట్ల సారాను పల్లెపల్లెకు పంపుచుండెను. బియ్యము మిగిల్చిన పైకము సారా తినివేయుచున్నదని లెక్క కట్టినవారు ఆర్థికవేత్తలు కారు, ఆ స్త్రీలే. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. ఖజానా నిలువజాలదను కారణమున 1997లో అది సడలినది. నాటినుండి ఏ పక్షము అధికారమునకు వచ్చినను, సంక్షేమ పథకములకు కావలసిన ధనమును మద్యము రాబడిలో వెదకుకొనక తప్పుటలేదు. కుడియెడమలను గురించి ఎంతయైనను వాదించువారు ఈ ఒక్క విషయమున ఒకే బల్లపై కూర్చుండుట నన్ను కలతపెట్టును.

ఆడపిల్లల వాటా సంగతికి వత్తును. మా పినతండ్రితో ఆనాడు తెగని మాట అదియే. ఉమ్మడి హిందూ కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానమైన జన్మహక్కును 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము శాసనము చేసినది; ఆ తేదీకి ముందు వివాహమైనవారు మాత్రము దానికి వెలియైరి. దేశమంతటికిని ఆ హక్కు దక్కుటకు మరి ఇరువదియేండ్లు, అనగా 2005 వరకు, పట్టినది. తండ్రి ఆ నాటికి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. ఇట్టి శాసనమును చేసిన పార్టీని ఏ శాస్త్రగ్రంథము పట్టికలోనైనను వెదకినచో ప్రాంతీయ పార్టీయని మాత్రమే దొరకును. కుడియనియు నుండదు, ఎడమయనియు నుండదు. "కట్నం ఇచ్చాం, పసుపుకుంకుమల కింద ఎకరం రాశాం, మళ్లీ వాటా ఏమిటి?" అని మా పినతండ్రి ఆనాడు నన్నడిగినప్పుడు, కట్నమిచ్చుట 1961 నుండియే నేరమను సంగతి చెప్పబోయి, నవ్వులపాలగుదునేమోనని ఊరకుంటిని. ఊరకుండుట నా పొరపాటు. ఆ మాట చెప్పియుండవలసినది.

మాఘమాసములో ఆయనతో కలిసి సబ్ రిజిస్ట్రారు కచేరికి పోవలసి వచ్చినది. హైదరాబాదునుండి ఆయన కుమార్తె, నాకు చెల్లెలి వరుస, ఆ ఉదయమే బస్సు దిగి వచ్చినది. దస్తావేజు లేఖరి బల్లపై హక్కు విడుదల దస్తావేజు సిద్ధముగా నుండెను. అన్నదమ్ములకు తన వాటాను "ప్రేమాభిమానములచే" విడిచిపెట్టుచున్నట్లు అందు వ్రాసియుండెను. ఆమె బ్యాంకు ఉద్యోగిని. ప్రతి పుటను చదివి, చదివిన చోటనెల్ల సంతకము చేసినది. యంత్రముపై వ్రేలిముద్ర మొదటిసారి పడకపోగా కొంగుతో వ్రేలు తుడుచుకొని మరల ఒత్తినది. "ఎందుకమ్మా?" అని నేను మెల్లగా అడిగితిని. "పుట్టింటికి రాకపోకలుండాలి కదన్నయ్యా" అన్నది. ఏ ప్రభుత్వమును ఆమెను ఆ సంతకము చేయుమనలేదు; చేయనక్కరలేదని చెప్పు శాసనము నలువదియేండ్లుగా అమలులోనే యున్నది.

మా పినతండ్రి లోనికి రాలేదు. కచేరి ఆవరణలో వేపచెట్టు క్రింద బల్లపై కూర్చుండి, ధాన్యము సొమ్ము ఖాతాలో పడినదో లేదో చూడుమని మనుమని భార్య చేతికి ఫోను ఇచ్చి, తలుపు వంక చూడక వీథి వంకనే చూచుచుండెను.